సెన్సర్ ఒక్కటే చాలదు, పక్కన నోటుపుస్తకం ఉండాలి

మాత్రలతోనే షుగర్‌ను అదుపులో ఉంచుకుంటున్న పెద్దవాళ్లకు చేతికి అంటించే గ్లూకోజ్ సెన్సర్ అవసరమా, వేలి నుంచి చుక్క తీసి చూసుకుంటే సరిపోదా అని మీరు అడిగారు. ఏడాది పొడవునా అవసరం లేదు. కానీ ఒక్కసారైనా 14 రోజుల సెన్సర్ పెట్టించుకుని, ఆ రోజుల్లో తిన్నదీ, నడిచిందీ, పడుకున్నదీ వేళలతో సహా రాసుకుని తీరాలి. రాత లేకపోతే ఆ ఖర్చు దండగ.

మా అమ్మకు పరగడుపున 130 దాటేది కాదు, కానీ మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 8 దగ్గరే ఉండేది. చాటుగా స్వీట్లు తింటున్నారా అని ఒక డాక్టరు ఆమెను ముఖం మీదే అడిగారు. నోరు కట్టుకుని బతుకుతున్న మనిషిని అలా అడగడం అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను.

సెన్సర్ పెట్టించిన మర్నాడు అమ్మ తన గుండ్రటి అక్షరాలతో ‘ఉదయం 7:40, రాగి జావ, పెద్ద గ్లాసు’ అని రాసింది. ఎనిమిది దాటగానే ఫోన్‌లో షుగర్‌ను చూపే గీత నిటారుగా లేచి, తొమ్మిదికల్లా 250కి చేరింది. ఆ తర్వాతి రోజు పెసరట్టు తిన్నప్పుడు 180 దగ్గరే ఆగింది. నమ్మలేక మళ్లీ జావ తాగి చూసింది, మళ్లీ అదే కొండ. రాగులు షుగరుకు మంచివని ఊరంతా చెబుతారు గానీ, మెత్తగా పట్టించిన పిండిని పలుచగా కాచి తాగితే అది తొందరగా అరిగి గ్లూకోజుగా రక్తంలో కలుస్తుంది. తెల్లవారుజామున హార్మోన్ల ప్రభావంతో కాలేయం విడుదల చేసే గ్లూకోజు వల్ల కూడా ఉదయం షుగర్ పెరుగుతుంది కనుక, గీత ఒక్కటే చూస్తే కారణం ఏదో తేలదు. ఆమె రాసిన వేళే దాన్ని తేల్చింది. ఆ పుస్తకం ఓపికగా చదివిన మరో డాక్టరు మాత్ర పెంచకుండా ముందు జావ మాన్పించారు.

ఒక రాత్రి సెన్సర్ 58 చూపించింది, వేలి నుంచి చూస్తే 109 ఉంది. అమ్మ ఆ చేతి మీదే ఒత్తిగిలి పడుకుంది. సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. అక్కడ ఒత్తిడి పడితే అంకె తగ్గుతుంది, మామూలుగానే అది రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. అందుకే గ్లూకోమీటరును అటక ఎక్కించకండి.

యాప్‌లోనే రాసుకోవచ్చు కదా అంటారు. నేను చూసిన యాప్‌లలో ఓట్స్, బ్రెడ్డు తేలికగా దొరికాయి, జొన్న సంగటి, ఉలవచారు దొరకలేదు. డెబ్బై ఏళ్ల మనిషి తన తిండిని తన భాషలో రాసుకునే వీలు లేకపోవడం చిన్న లోపం కాదు.

సెన్సర్ ఉన్నన్నాళ్లు దాని కోసమని కొత్తగా పథ్యం మొదలుపెట్టకండి. పండుగొస్తే బొబ్బట్టు ఒకటి తిని, తిన్నట్టే రాయండి. రోజూ తినేది తింటేనే డాక్టరుకు అసలు సంగతి కనిపిస్తుంది.