పొద్దున పూట పేచీలకి బొమ్మల పట్టీ చేసి చూడండి

మీ నాలుగేళ్ల బాబు స్కూలుకి తయారయ్యేటప్పుడు ప్రతి పనికీ పేచీ పెడుతున్నాడని, గోడకి అంటించిన టైమ్‌టేబుల్ వైపు కన్నెత్తి చూడట్లేదని రాశారు. చదవడం రాని పిల్లాడికి అక్షరాలు, అంకెలు ఏం చెబుతాయండీ? వాడికి చేత్తో కదిపే బొమ్మల పట్టీ కావాలి, అంటే పొద్దున చేయాల్సిన పనుల బొమ్మలు వరసగా అంటించిన అట్ట.

వాడి సొంత బ్రష్, బకెట్, టిఫిన్ ప్లేటు, యూనిఫాం, బూట్లు ఫోన్‌లో ఫొటోలు తీసి ప్రింట్ వేయించండి. నెట్‌లో దొరికే బొమ్మలకంటే ఇవే మేలు, తన వస్తువుని వాడు ఇట్టే గుర్తుపడతాడు. ఐదు చాలు. పాత శుభలేఖల అట్టకి అంటించి, పైన వెడల్పు టేపు వేస్తే తడి చేతులతో పట్టుకున్నా పాడవవు. వెల్క్రో, అంటే ఒత్తితే అతుక్కుని లాగితే ఊడొచ్చే జత రిబ్బన్, టైలరింగ్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. గరుకు వైపు బొమ్మల వెనక, మెత్తది పొడవాటి అట్ట మీద అంటించి, పైనుంచి కిందికి వరసగా పెట్టండి.

అడుగున ఒక కవరు తప్పకుండా ఉండాలి. పని అవగానే బొమ్మ పీకి వాడే అందులో వేయాలి, తొందరలో మీరు వేసేయకండి. పని అయిపోయిందని వాడికి కళ్లకి కనబడేది అక్కడే. 1972లో నార్త్ కరోలినాలో ఆటిజం ఉన్న పిల్లల కోసం ఏర్పడిన టీచ్ (TEACCH) అనే కార్యక్రమంలో బొమ్మల షెడ్యూళ్లు ముఖ్యమైన భాగం. మిగతా పిల్లలకీ ఇవి బాగా పనికొస్తాయి.

పట్టీని వాడి కంటి ఎత్తులో తగిలించండి. "స్నానానికి రా" అని అరవకుండా "తర్వాత ఏముందో చూడు" అనండి. ఆదివారం యూనిఫాం బొమ్మ తీసేయడం మర్చిపోకండి.