బైపీసీ అమ్మాయి కంప్యుటేషనల్ బయాలజీ ప్రొఫెసర్ కాగలదా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. మొదట్లో నీట్ అనేది. ఇప్పుడు డాక్టర్ చదువు వద్దు, కంప్యుటేషనల్ బయాలజీలో పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్‌ని అవుతానంటోంది. ఇంటర్‌లో మ్యాథ్స్ లేదు. బీటెక్ బయోఇన్ఫర్మాటిక్స్‌లో చేర్చమని ఒకరు, ఏఐ వచ్చాక ఆ ఉద్యోగాలే ఉండవని ఇంకొకరు చెబుతున్నారు. నాది చిన్న ప్రైవేటు ఉద్యోగం. అసలు ఆ పని ఎలా ఉంటుంది? సెటిల్ అవడానికి ఎన్నేళ్లు పడుతుంది?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ముందు ఆ పనేమిటో మన దగ్గరి ఉదాహరణతోనే చెబుతాను. తెలుగు ప్రాంతాల్లోని ఆర్యవైశ్యుల్లో కొందరికి, ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు ప్రభావం త్వరగా పోదు. బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపించడమే దానికి కారణమని మత్తు డాక్టర్లకు ముందు నుంచీ తెలుసు. మరి ఆ లోపం ఒక సమూహంలోనే అంత ఎక్కువగా ఎందుకుంది? హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా మనుషుల డీఎన్‌ఏను కంప్యూటర్లో పోల్చి చూశారు. ఒకే సమూహంలోని ఇద్దరికీ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన పొడవైన డీఎన్‌ఏ ముక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టారు. 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగినవని, తర్వాత కూడా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల కొన్ని అరుదైన జన్యులోపాలు అక్కడ పేరుకున్నాయని తేలింది. 2017లో ఆ పరిశోధన ప్రచురితమైంది. అందులో వైశ్యుల ఉదాహరణ ఉంది. ఏ సమూహంలో ఏ జబ్బు కోసం ముందే పరీక్ష చేయాలో వెతకడానికి ఇలాంటి లెక్కే దారి చూపిస్తుంది.

కంప్యుటేషనల్ బయాలజిస్టు పని ఇదే. ప్రశ్న జీవశాస్త్రానిది, జవాబు వెతికే పద్ధతి గణితానిది. కంప్యూటర్ పనిముట్టు మాత్రమే.

రోజువారీ జీవితం మాత్రం ఇంత ఉత్సాహంగా ఉండదు, అది అమ్మాయికి ఇప్పుడే తెలియాలి. ఎక్కువ సమయం డేటాను శుభ్రం చేయడానికే పోతుంది. కేన్సర్ శాంపిళ్లన్నీ ఒక రోజు, ఆరోగ్యవంతుల శాంపిళ్లన్నీ ఇంకో రోజు మెషీన్‌లో పెట్టారనుకోండి. కనిపించే తేడా కేన్సర్‌దా, రోజు మారడం వల్ల వచ్చిందా అన్నది ఎంత గొప్ప ప్రోగ్రామూ విడదీయలేదు. కాబట్టి ప్రయోగం మొదలవకముందే ల్యాబ్ వాళ్లతో కూర్చుని మాట్లాడాలి. వాళ్ల భాష తనకు రావాలి, తన భాష వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. నెలల తరబడి రాసిన కోడ్ చివరికి ‘ఇందులో ఏమీ లేదు’ అని చూపించినప్పుడు ఆ మాట నిజాయితీగా చెప్పాలి. ప్రొఫెసర్ అయ్యాక కోడ్ రాసే సమయం కూడా తగ్గిపోతుంది. పాఠాలు, విద్యార్థుల థీసిస్‌లు, ఏఎన్‌ఆర్‌ఎఫ్, డీబీటీ లాంటి సంస్థలకు నిధుల కోసం దరఖాస్తులు, ఇతరుల వ్యాసాల పరిశీలన, వీటితోనే వారం గడిచిపోతుంది.

ఈ రంగంలో ఒక బాధ తరచూ వింటుంటాను. పరిశోధనా వ్యాసంలో గుర్తింపు ఎక్కువగా మొదటి పేరుకు, చివరి పేరుకు దక్కుతుంది. లెక్కంతా చేసిన వ్యక్తి పేరు చాలాసార్లు మధ్యలో ఉండిపోతుంది. అందుకే పీహెచ్‌డీ గైడ్‌ను ఎంచుకునేటప్పుడు, ఆయన పాత విద్యార్థుల పేర్లు వ్యాసాల్లో ఎక్కడ ఉన్నాయో అమ్మాయి తప్పకుండా చూడాలి.

ఇక చదువు సంగతి. డిగ్రీ మీద ‘బయోఇన్ఫర్మాటిక్స్’ అని ఉంటేనే ఈ రంగంలోకి రావచ్చన్న మాట నమ్మకండి. ప్రొటీన్ల ఆకృతిని అర్థం చేసుకోవడానికి ప్రపంచమంతా వాడే రామచంద్రన్ ప్లాట్‌ను 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇచ్చిన జి.ఎన్. రామచంద్రన్ భౌతిక శాస్త్రవేత్త. ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాల వరుసలను మొదటగా సేకరించి పుస్తకంగా తెచ్చిన అమెరికా శాస్త్రవేత్త మార్గరెట్ డేహాఫ్ చదివింది గణితం, రసాయనశాస్త్రం. ప్రొటీన్ల ఆకృతిని ఊహించే ఏఐకి 2024లో నోబెల్ అందుకున్న జాన్ జంపర్ కూడా భౌతికశాస్త్రం నుంచే వచ్చారు. నా సలహా ఏమిటంటే, పేరు చూసి ఏదో ఒక కాలేజీలో నాలుగేళ్ల కోర్సుకు అప్పు చేయవద్దు. అక్కడ స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రోగ్రామింగ్ ఎవరు, ఎన్ని సెమిస్టర్లు చెబుతారో అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ కాలేజీ వద్దు.

బైపీసీ వాళ్లకు నాకు బాగా నచ్చిన దారి ఐసర్, అంటే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధన సంస్థ. తిరుపతిలోనే ఒకటి ఉంది. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు. ప్రవేశ పరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలుంటే, అందులో 15 గణితానివి. బైపీసీ వాళ్లూ రాయవచ్చు, కానీ ఆ 15 ప్రశ్నలు వదిలేస్తే పోటీ కష్టం. చేరాక మొదట్లో గణితం ఎలాగూ చదవాలి. సీటు రాకపోతే మంచి బీఎస్సీ చేసి, పుణె విశ్వవిద్యాలయంలో ఎంఎస్సీ బయోఇన్ఫర్మాటిక్స్‌కు వెళ్లవచ్చు. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. బెంగళూరు ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్, చెన్నై ఐఎంఎస్‌సీ కూడా ప్రయత్నించాలి.

ఏళ్లూ డబ్బూ గురించి దాచకుండా చెబుతాను. ఐదేళ్ల చదువు, ఐదారేళ్ల పీహెచ్‌డీ, ఆ తర్వాత రెండు నుంచి నాలుగేళ్ల పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. అసిస్టెంట్ ప్రొఫెసర్ అయ్యేసరికి వయసు 33 దగ్గర, ఒక్కోసారి ఇంకా పైన. మీ ఖర్చు మాత్రం పీహెచ్‌డీ మొదలవడంతోనే ఆగిపోతుంది. పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. దేశంలోనే రీసెర్చ్ అసోసియేట్‌గా పోస్ట్‌డాక్ చేస్తే 58,000 నుంచి మొదలవుతుంది. ఏడో వేతన సంఘం ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ మూలవేతనం కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో 57,700. ఐసర్, ఐఐటీల్లో పోస్ట్‌డాక్ అనుభవంతో చేరితే 1,01,500. స్థానాలు తక్కువ, పోటీ పడేవాళ్లు ఎక్కువ. పీహెచ్‌డీ చేసిన అందరూ ప్రొఫెసర్లు కారు. అయితే ఈ చదువుకు పక్కదారులున్నాయి. మధ్యలో ఎక్కడ ఆగినా హైదరాబాద్, బెంగళూరుల్లోని ఫార్మా, జన్యు పరీక్షల కంపెనీల్లోనో డేటా సైన్స్‌లోనో ప్రయత్నించుకునే నైపుణ్యం చేతిలో ఉంటుంది.

మీరు రాయలేదు గానీ, పీహెచ్‌డీ చివర, పోస్ట్‌డాక్ మొదట్లో ఇంట్లో పెళ్లి మాట వస్తుంది. చాలామంది తెలివైన అమ్మాయిలు ఈ దారి వదిలేసేది అక్కడే, చదువు రాక కాదు. ఆ ఏళ్లలో మీరు ఆమె పక్కన గట్టిగా నిలబడాలి, ఒక తండ్రిగా ఆ మాట ఇప్పుడే ఆమెకు ఇవ్వండి.

ఏఐ గురించి భయపడేవాళ్లు ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్‌ను చూపిస్తారు. ప్రొటీన్ ఆకృతిని అది ఊహించగలుగుతోంది, 20 కోట్లకు పైగా ప్రొటీన్ల నమూనాలు ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. కానీ అది నేర్చుకున్నది ప్రొటీన్ డేటా బ్యాంకు నుంచి. 1971 నుంచి వేలమంది శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి నింపిన బ్యాంకు అది. ఒక రోగిలో కనిపించిన మార్పు జబ్బుకు కారణమా కాదా అన్న ప్రశ్నలు ఇంకా అలాగే ఉన్నాయి. మామూలు కోడ్ మాత్రమే రాయగలిగినవాళ్లకు ముప్పు ఉంది, అది నిజం. ఏ ప్రశ్న అడగాలో తెలిసినవాళ్లకు మాత్రం పని పెరిగింది.

పరీక్షలవగానే అమ్మాయి చేత ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలు తెరిపించండి. మాత్రికలు, కలనం, లాగరిథమ్‌లు చదివి, సంభావ్యతను కూడా పట్టుకోవాలి. రోజూ ఒక గంట పైథాన్ నేర్చుకుంటూ, రోజలిండ్ అనే ఉచిత వెబ్‌సైట్లో జీవశాస్త్రం లెక్కలు చేయమనండి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. రెండు నెలల తర్వాత, కోడ్‌లో తప్పు ఎక్కడుందో వెతుకుతూ భోజనం సంగతి మర్చిపోయిందా, లేక జీవశాస్త్రం కథలు మాత్రమే నచ్చి లెక్క దగ్గర విసుగు పుట్టిందా అని అడగండి. విసుగు పుడితే ఆమె ప్రయోగశాలలో పనిచేసే జీవశాస్త్రం వైపు వెళ్లాలి. దానికీ ఐసర్ దారే సరిపోతుంది.