వాన కాలువలో కలిపేస్తే సరిపోదా?

ప్రశ్న: మాది బోడుప్పల్. 300 గజాల స్థలంలో పది ఫ్లాట్లు. ఇన్నేళ్లూ సెప్టిక్ ట్యాంకుతోనే నెట్టుకొచ్చాం. ఈమధ్య మా గల్లీలోకి డ్రైనేజీ లైన్ వచ్చింది. కనెక్షన్‌కి ఒక డబ్బు, రోడ్డు తవ్వకానికి ఇంకో డబ్బు ఎందుకు కట్టాలని కమిటీలో సగంమంది అంటున్నారు. గేటు ముందే వాన నీటి కాలువ ఉంది. మా ప్లంబర్ ఒక్క రాత్రిలో మురుగు పైపును అందులో కలిపేస్తానంటున్నాడు. డాబా మీది వాన పైపును మాత్రం కొత్త మ్యాన్‌హోల్‌లోకి ఇస్తే వాకిట్లో నీళ్లు నిలవవని కూడా చెప్పాడు. ఏం చేయమంటారు?
– ఒక అపార్ట్‌మెంట్ కమిటీ కార్యదర్శి

జవాబు: మీ ప్లంబర్ రెండూ తలకిందులుగా చెప్పాడు. రెండూ చేయకండి.

ముందు వాన పైపు సంగతి. నేను 31 ఏళ్లు హైదరాబాద్‌లో మురుగు లైన్ల నిర్వహణలోనే పనిచేశాను. వానాకాలంలో నాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం ఈ తప్పు వల్ల వచ్చినవే. లెక్క చూడండి. మీ పది ఫ్లాట్లలో నలభై మంది ఉన్నారనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 5,400 లీటర్ల వాడకం. అందులో 80 శాతం మురుగుగా వస్తుందని లైన్ డిజైన్ చేసేటప్పుడు లెక్క వేస్తారు. అంటే రోజంతా కలిపి 4,320 లీటర్లు. ఇప్పుడు మీ 300 గజాల మీద, అంటే సుమారు 250 చదరపు మీటర్ల మీద, ఒక్క గంటలో 5 సెంటీమీటర్ల వాన పడిందనుకోండి. 12,500 లీటర్లు! మూడు రోజుల మురుగంత నీరు ఒక్క గంటలో ఆ పైపులోకి దూకుతుంది. గల్లీలో ఇరవై ఇళ్లు ఇలాగే చేస్తే మ్యాన్‌హోల్ మూత లేచి రోడ్డంతా మురుగే. ముందు మునిగేది పల్లంలో ఉన్న ఇంటివాళ్ల బాత్రూమ్. ఆ ఇంటివాళ్లకి తమ తప్పేమిటో కూడా తెలియదు. మీ డాబా నీటికి ఇంకుడు గుంత తవ్వించండి, మిగిలింది వాన కాలువకే వదలండి. ఆ కాలువ ఉన్నది అందుకే.

ఇక మురుగును వాన కాలువలో కలపడం. ఆ కాలువ నాలాలోకి, నాలా చెరువులోకో మూసీలోకో పోతుంది. మధ్యలో శుద్ధి చేసేవారెవరూ లేరు. 1974 నాటి జల కాలుష్య చట్టం, 24వ సెక్షన్, తెలిసి తెలిసి వాగులోకైనా, బావిలోకైనా, నేల మీదికైనా కాలుష్యాన్ని వదలకూడదంటుంది. రాత్రిపూట తవ్వుతానన్నాడంటే అది తప్పని మీ ప్లంబర్‌కీ తెలుసు.

కాబట్టి హైదరాబాద్ నీళ్లు, మురుగు చూసే జలమండలికి దరఖాస్తు పెట్టి పద్ధతిగా కనెక్షన్ తీసుకోండి. మంచినీటి కనెక్షన్ ఉంది కదా, మురుగుది దానంతటదే వస్తుందని చాలామంది అనుకుంటారు. రెండూ వేర్వేరు. డబ్బు కట్టే ముందు అంచనా కాగితం అడిగి తీసుకోండి. కనెక్షన్ ఛార్జీ ఎంత, రోడ్డు తవ్వకానికి ఎంత అనేది అందులో విడివిడిగా ఉండాలి. చేతికి నగదు ఇవ్వకండి, రసీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వకండి.

మీ కమిటీలో ఎవరూ అడగని ఇంకో విషయం ఉంది. కనెక్షన్ వచ్చాక పాత సెప్టిక్ ట్యాంకును అలాగే వదిలేయకండి. మిషన్‌తో ఖాళీ చేయించి, ఇసుకతో నింపించి మూసేయాలి. లేదంటే లోపల గ్యాస్ పేరుకుంటుంది, పైకప్పు పాతబడ్డాక కార్ల బరువుకి కూలుతుంది. ఇంటి లోపలి పైపు నాలుగంగుళాలదైతే ప్రతి ఐదడుగులకు ఒక అంగుళం వాలు ఉండేలా చూసుకోండి. సెల్లార్‌లో వాచ్‌మన్ కోసం కట్టిన బాత్రూమ్ రోడ్డు మట్టానికి కింద ఉందా? అయితే దాన్ని నేరుగా లైన్‌లో కలపకండి. లైన్ నిండిన రోజు మురుగు వెనక్కి తన్నేది అక్కడికే. ఆ కుటుంబం నిద్రపోయే గదిలోకి.

ప్రశ్న: కనెక్షన్ ఛార్జీ ఒకసారి కట్టేశాం. మళ్లీ నెలనెలా నీటి బిల్లులో సీవరేజ్ సెస్ ఏమిటి?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: అమ్మా, మొదటిది లైన్‌లో కలిసినందుకు, రెండోది ఆ లైన్ నడుస్తున్నందుకు. సెస్ నీటి ఛార్జీలో 35 శాతం. మీ మురుగు గల్లీ దాటాక మాయమైపోదు. అంబర్‌పేట శుద్ధి కేంద్రం ఒక్కటే రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేయగలదు. దాని కరెంటు ఖర్చు, లైన్లు కడిగే యంత్రాల ఖర్చు ఇలాంటి వాటి నుంచే రావాలి. బిల్లు కడుతున్నారు కాబట్టి మ్యాన్‌హోల్ పొంగితే నిలదీసి అడగండి. 155313కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. మూత మాత్రం మీరు తెరవకండి, తెరిపించకండి.

ప్రశ్న: మా సెప్టిక్ ట్యాంకు నిండిపోయింది. మిషన్ వాళ్లు ఎక్కువ అడుగుతున్నారు. ఇద్దరు మనుషులు దిగి, అందులో సగం డబ్బుకే తీస్తామంటున్నారు. వాళ్లంతట వాళ్లే వస్తామంటున్నప్పుడు తప్పేముంది?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. దయచేసి వద్దు.

1990ల్లో మా సొంతింటి ఛాంబర్ జామ్ అయితే నేనూ ఒకతన్ని పిలిపించాను. ఇంజనీరుని, అందులో ఏ గ్యాస్ ఉంటుందో చదువుకున్నవాణ్ని. ఆరడుగులేగా అనుకున్నాను. అతను దిగిన రెండు నిమిషాలకే పైకొచ్చి గోడకి ఆనుకుని వాంతి చేసుకున్నాడు. మా ఆవిడ మజ్జిగ ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయాడు, చేతులు వణుకుతున్నాయి. బతికాడు. నేను ఆ రోజు చేసింది నేరమని ఇప్పటికీ అనుకుంటాను.

ట్యాంకులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పట్టలేదు. వాసన తగ్గింది, ఇక దిగొచ్చు అనుకున్న క్షణమే అసలు ప్రమాదం. ఒకడు పడిపోతే లాగడానికి రెండోవాడు దిగుతాడు, ఇద్దరూ పోతారు. పేపర్లో ఇలాంటి వార్త చదివినప్పుడు ఎప్పుడూ ఇద్దరు, ముగ్గురు ఉండేది అందుకే.

మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించితే మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పనివాడు ఒప్పుకున్నాడన్న మాట మిమ్మల్ని కాపాడదు. ఇలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. సఫాయి కర్మచారుల ఉద్యమ నాయకుడు, మన బెజవాడ విల్సన్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే ఈ చట్టం వచ్చింది. హైదరాబాద్‌లో 2017లోనే సన్నటి గల్లీల్లోకి పోయే చిన్న జెట్టింగ్ యంత్రాలు, అంటే గట్టి నీటి ధారతో లైన్ కడిగేవి, 70 దించారు. మనిషి దిగాల్సిన అవసరం ఎక్కడా లేదు.

మీ కార్పొరేషన్ ఆఫీసుకి ఫోన్ చేసి వ్యాక్యూమ్ ట్యాంకర్ రేటు అడగండి. బయట మిషన్ వాళ్లు చెప్పే దానితో పోల్చుకోవచ్చు. పక్కింటివాళ్ల ట్యాంకు కూడా నిండి ఉంటే ఇద్దరూ కలిసి ఒకే రోజు పిలిపించి, రేటు తగ్గించమని అడగండి. తీసుకెళ్లింది ఎక్కడ పోస్తారో ముందే అడగండి, కాలువ గట్టున పోసేవాళ్లయితే వద్దనండి. మూత తీశాక పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పైపు ఇరుక్కుందనో, అడుగున గట్టిపడిందనో ఎవరైనా కాలు లోపల పెట్టబోతే పని ఆపించేయండి. బండి వెళ్లేదాకా మీరు అక్కడే నిలబడండి.