చిన్నీ, ముందు వేలు చూడు

చిన్నీ,

బాబుకి మాటలెందుకు రాలేదని నిన్న ఫోన్లో నువ్వడిగినప్పుడు మాట దాటేశాను. పక్కన మీ పెదనాన్న ఉన్నారు. ఈ సంగతెత్తితే ఆయన ఇప్పటికీ అన్నం మానేస్తారు. అందుకే రాస్తున్నాను.

బాబుకి రెండున్నరేళ్ళొచ్చినా మాటలు రాలేదు, "మగపిల్లలకి ఆలస్యమేలే" అంటున్నారు మీ అత్తగారు. మావాడికి, అంటే మీ అన్నయ్యకి, మాటలు రానప్పుడు మా ఇంట్లోనూ అదే మాట. దాన్ని నమ్ముకుని రెండేళ్ళు కూర్చున్నాం. నాలుకకి వస రాశాం, కొండకి మొక్కుకున్నాం, చెవి పరీక్ష మాత్రం చేయించలేదు. నువ్వు ముందు అది చేయించు. వినపడకపోయినా మాట రాదు కదా.

ఇంట్లో నువ్వు చూడాల్సింది వాడి వేలు. విమానం పోతుంటే వేలెత్తి చూపించి, నువ్వూ చూశావా అని నీ మొహంలోకి చూస్తాడా? మీ అన్నయ్య చూసేవాడు కాదు. దాహమేస్తే నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళి, నా చేతిని గ్లాసు మీద పెట్టేవాడు. ఎంత తెలివో అని మురిసిపోయాను! వాడికి ఆటిజం అని, అంటే మెదడు ఎదుగుదలలో తేడా వల్ల మాటా, నలుగురితో కలవడమూ వేరుగా ఉంటాయని, అయిదో ఏట గానీ తెలియలేదు.

రోజూ వంట వేళకి తల గోడకేసి కొట్టుకునేవాడు. మొండితనం అనుకుని రెండు దెబ్బలు కూడా వేశాను. ఒకరోజు గ్యాస్ అయిపోయి హోటల్ నుంచి తెప్పించుకున్నాం. ఆ పూట హాయిగా ఆడుకున్నాడు. అప్పుడు వెలిగింది, కుక్కర్ విజిల్ వాడికి భరించరానిదని. తర్వాత్నుంచి కుక్కర్ ఎక్కించే ముందు చెప్పి, వెనక గదిలో కూర్చోబెట్టేదాన్ని. గొడవ సగం తగ్గింది.

స్నానం చేయిస్తూ చెంబెత్తి కాస్త ఆగు. వాడు నీ వైపు చూసినా, చెయ్యి తాకినా, "ఊ" అన్నా వెంటనే నీళ్ళు పొయ్యి. అడిగితే పని జరుగుతుందని అలా తెలుస్తుంది. మొహం పట్టుకుని "నన్ను చూడు" అని మాత్రం బలవంతపెట్టకు.

ఒకవేళ బాబుకీ ఆటిజమే అని తేలినా, నువ్వు ఉద్యోగానికి వెళ్ళడం వల్ల వచ్చింది కాదిది. టీకాల వల్లా కాదు. టీకాలకీ దీనికీ ముడిపెట్టిన 1998 నాటి పరిశోధన పేపర్ని, దాన్ని అచ్చేసిన లాన్సెట్ అనే వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. స్టెమ్ సెల్స్ (మూల కణాలు) ఎక్కించి నయం చేస్తామని లక్షలు అడిగితే లేచి వచ్చెయ్. ఒక డాక్టరు ఆటిజం, ఇంకొకరు ఆస్పర్జర్ (అదీ ఆటిజం లాంటిదే, వేరే పేరు) అన్నారని కంగారుపడకు. 2013లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం ఆ రెండింటినీ ఒకే గొడుగు కిందకి తెచ్చింది.

ఆటిజం పరీక్షలకి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. ఆటిజం అని తేలితే యూడీఐడీ కార్డుకి, అంటే వికలాంగులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డుకి, అప్లై చెయ్యి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. పేరు రాయించడానికి సిగ్గెందుకు?

సోమవారం చెవి పరీక్షకి నేనూ వస్తాను. ఆ నీలం గిన్నెలో తప్ప తినడన్నావుగా, మర్చిపోకుండా సంచిలో పెట్టుకో.

పెద్దమ్మ