అమ్మానాన్నలతో ఇటలీ వెళ్తున్నాం. నేపుల్స్ నుంచి కాప్రి ద్వీపానికి ఒక్కరోజులో వెళ్ళి రావచ్చా?

వెళ్ళి రావచ్చు. పొద్దున పడవెక్కితే చీకటి పడేలోపు తిరిగి నేపుల్స్‌లో దిగుతారు. కాకపోతే మీరు చూసేది కాప్రిని కాదు, కాప్రిలో క్యూలని. పెద్దవాళ్ళు వెంట ఉన్నారంటున్నారు కాబట్టి, ఒక రాత్రి అక్కడే ఉండండి. రెండేళ్ళ కిందట మే నెలలో గుడివాడ నుంచి వచ్చిన మా అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని అచ్చం మీలాగే ప్లాన్ వేసి బోర్లా పడ్డవాణ్ణి చెబుతున్నా.

ముందు పడవ సంగతి. నేపుల్స్‌లో రెండు రేవులు. మోలో బెవెరెల్లో నుంచి వేగంగా పోయే పడవలు, ముప్పావు గంట పైచిలుకులో దింపేస్తాయి. కలాటా పోర్టా ది మాసా నుంచి నెమ్మదిగా పోయే పెద్ద ఫెర్రీలు, గంటన్నర దాకా పడుతుంది. నేను తెలివైనవాణ్ణి కదా, వేగంగా పోయేది బుక్ చేశా. అది అద్దాలు బిగించిన డబ్బా. కిటికీ తెరవడానికి లేదు, బయట నిలబడడానికి లేదు. సముద్రం కాస్త ఎగిరిందంటే లోపలున్నవాళ్ళ కడుపులో పేగులు మెలిపడతాయి. అమ్మ దారంతా కళ్ళు మూసుకుని నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంది. పెద్దవాళ్ళతో అయితే ఫెర్రీయే. పైన డెక్ మీద కూర్చుని వెసూవియస్ అగ్నిపర్వతాన్ని చూస్తూ పోవచ్చు.

మరీనా గ్రాండే రేవులో దిగీ దిగగానే నా ప్లాన్ కూలిపోయింది. ఈ ప్రయాణం మొత్తం నీలి గుహ చుట్టూ అల్లుకున్నాను. ఆ గుహ నోరు ఎత్తు మీటరు ఉంటుందేమో, అంతే. మోటారు పడవ మీద అక్కడిదాకా పోయి, చిన్న తెడ్ల పడవలోకి దిగి, అందులో వెల్లకిలా పడుకుంటే, పడవవాడు గొలుసు పట్టుకుని లోపలికి లాగుతాడు. నీళ్ళ కింద ఉన్న ఇంకో రంధ్రం నుంచి ఎండ లోపలికి వచ్చి నీళ్ళన్నీ నీలంగా వెలుగుతాయి. వీడియోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ రోజు ఎండ ఫెళఫెళలాడుతోంది, ఆకు కదలడం లేదు, గుహ మాత్రం మూసేశారు. ముందురోజు గాలికి లేచిన అల ఇంకా తగ్గలేదట. అల కొంచెం ఉన్నా ఆ నోట్లోంచి పడవ దూరదు కదా. ఈ ముక్క ఒక్క వ్లాగరూ చెప్పడు. వాడికి తెరిచిన రోజు తప్ప వీడియో ఉండదు మరి. దయచేసి ఆ గుహని నమ్ముకుని టికెట్లు కొనకండి.

నా మొహం చూసి నాన్నే అన్నాడు, "పోనీలేరా, గోర్కీ ఉన్న ఊరు ఇదే కదా, అది చూద్దాం" అని. మా నాన్న రిటైర్డ్ టీచరు, విజయవాడలో విశాలాంధ్ర పుస్తకాల షాపులో జీతం సగం పోసిన మనిషి. ఇంటినిండా ఎర్ర అట్టల రష్యన్ పుస్తకాలే. రష్యన్ రచయిత గోర్కీ 1906 నుంచి 1913 దాకా కాప్రిలోనే ఉన్నాడని, 1908లో ఒకసారీ 1910లో ఒకసారీ లెనిన్ వచ్చి వెళ్ళాడని నాకు ఆ రోజే తెలిసింది. లెనిన్ చదరంగం ఆడుతుంటే గోర్కీ చూస్తున్న ఫోటో ఉంది చూడండి, అది ఇక్కడ తీసిందే.

రేవు నుంచి ఫ్యునిక్యులర్ అనే కేబుల్ రైలెక్కి కొండపైన ఊళ్ళోకి, అక్కణ్ణుంచి నడిచి అగస్టస్ తోటలకి. ఆ పక్కనే లెనిన్ పేర ఒక పాలరాతి స్మారకం, ఇటలీ శిల్పి జాకొమో మంజూ చెక్కింది. జనమంతా సముద్రంలో నిలబడ్డ ఫరాలియోని రాళ్ళతో సెల్ఫీలు దిగుతుంటే నాన్న ఈ రాయి దగ్గర ఆగిపోయాడు. ఆ తోటలు మొదట వేయించింది జర్మన్ ఉక్కు, ఫిరంగుల వ్యాపారి క్రుప్. కింద సముద్రం వైపు పాములా మెలికలు తిరిగే దారి కూడా ఆయన పేరు మీదే ఉంది. ఫిరంగులు అమ్మినవాడి తోట పక్కన లెనిన్ రాయి! నాన్న ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. అమ్మ బెంచీ మీద పులిహోర డబ్బా విప్పి, "మీ లెనిన్ ఎక్కడికీ పోడు, ముందు తినండి" అంది.

తర్వాత చిన్న బస్సులో, ద్వీపంలోనే ఇంకో ఊరు, అనకాప్రికి. అక్కడ మోంతె సోలారో శిఖరానికి కుర్చీల లిఫ్ట్ ఉంది. 589 మీటర్ల ఎత్తు, కుర్చీకి ఒక్కరే, పన్నెండు పదమూడు నిమిషాలు. అమ్మ భయపడుతుందనుకున్నా. కొంగు నడుముకి బిగించి, చెప్పులు జారతాయని విప్పి చేత్తో పట్టుకుని కూర్చుంది. కాళ్ళ కింద ఎవరివో పెరళ్ళు, నిమ్మచెట్లు. పైకొచ్చాక మొదటి మాట: "అవి నిమ్మకాయలా, దబ్బకాయలా?" పైనుంచి సముద్రంలో పడవలన్నీ బియ్యపు గింజల్లా ఉన్నాయి. "అందులో మనది ఏదిరా?" అంది. నిజంగానే అందులో ఒకటి మనదే. బస్సు స్టాపుకి దిగొచ్చేసరికి క్యూ వీధి మలుపు దాటింది. రెండు బస్సులు నిండి పోయాయి, మూడోది ఎక్కి రేవుకి చేరేసరికి చివరి పడవ వెళ్ళిపోయింది.

అమ్మ బీపీ మాత్రలు నేపుల్స్ రూములో. మందుల షాపు మూసే వేళకి పరిగెత్తి, పాత చీటీ ఫోనులో చూపించి బతిమాలి నాలుగు మాత్రలు తెచ్చా. అనకాప్రిలో ఒకావిడ ఇంట్లో గది దొరికింది. అద్దె అడక్కండి.

కానీ ఆ సాయంత్రం చూసింది వేరే ఊరు. పగటి జనం పడవలతోపాటే పోయారు. శాంతా సోఫియా చర్చి ముందు బెంచీల మీద ముసలాళ్ళు చేరి కబుర్లు, పిల్లల బంతాట, మన ఊరి రచ్చబండే. నాన్న అక్కడ కూర్చుని నాకు లెనిన్ చేపల కథ చెప్పాడు. గాలపు కర్ర లేకుండా ఉత్త దారం వేలికి చుట్టి చేప తగలడం ఎలా పట్టాలో జాలర్లు నేర్పారట. తగిలితే వేలి మీద "డ్రిన్ డ్రిన్" అంటుందని. ఆయనకి ఆ పేరే పెట్టేశారట. చెబుతూ చూపుడువేలు ఎత్తి పట్టుకున్నాడు, నిజంగా దారం ఉన్నట్టు. నాకు నలభై ఏళ్ళు, మా నాన్న నాతో అంతసేపు మాట్లాడింది అదే మొదలు.

మర్నాడు అల తగ్గింది, గుహ తెరిచారు. వెళ్దామా అన్నా. "పడుకోవాలట, వంగాలట, నాకెందుకురా ఆ గుహ" అంది అమ్మ. ఫెర్రీ ఎక్కేశాం.

మీరు మాత్రం మాత్రల డబ్బా చేతిసంచీలోనే పెట్టుకోండి.