లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ మాటిమాటికీ క్రాష్ అవుతోంది, మదర్‌బోర్డు మార్చాల్సిందేనా?

తమ్ముడూ, ఇప్పుడే మార్చకు. షాపులో ఇచ్చిన అడ్వాన్స్ వెనక్కి తీసుకోగలిగితే తీసుకో.

నీ ప్రశ్నలో చెప్పింది ఇది: గేమ్ ఆడుతున్నా, కాలేజీ ప్రాజెక్టు కోసం త్రీడీ సాఫ్ట్‌వేర్ తెరిచినా స్క్రీన్ నల్లబడి రెండు మూడు సెకన్లకు తిరిగి వస్తోంది. డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి కోలుకుంది అని మెసేజ్. మూడుసార్లు డ్రైవర్, అంటే గ్రాఫిక్స్ చిప్‌ను విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్, తీసి మళ్లీ వేశావు, ఒకసారి ఫార్మాట్ కూడా చేశావు. విజయనగరంలో చూపిస్తే గ్రాఫిక్స్ చిప్ పోయింది, అది అతికి ఉన్న మదర్‌బోర్డే మార్చాలన్నారు. నాకూ రెండేళ్ల కింద అచ్చం ఇలాగే అయింది.

మాది పొందూరు. శ్రీకాకుళంలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. పగలు స్టూడియోలో, రాత్రి ఇంట్లో, అదే లాప్‌టాప్. మాఘమాసం పెళ్లిళ్లతో చేతినిండా పని ఉన్నప్పుడు మొదలైంది. ఫోటోషాప్‌లో పెద్ద షీట్ తెరిచి పావుగంట కాగానే స్క్రీన్ నల్లగా అయిపోయేది. స్క్రీన్ తిరిగొచ్చేసరికి సేవ్ చేయని పని పోయేది. ఆల్బమ్ ఇవ్వాల్సిన తేదీ దగ్గరపడుతుంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. నేనూ నీలాగే డ్రైవర్ మీద పడ్డాను. కొత్తది వేశాను, పాతది వేశాను, ఫార్మాట్ చేశాను. షాపులో చూపిస్తే నీకు చెప్పిన మాటే నాకూ చెప్పారు.

ఒక రోజు బస్సులో వెళ్తూ ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. స్టూడియోలో ఏసీ కింద ఒక్కసారి కూడా క్రాష్ కాలేదు. అయినవన్నీ ఇంట్లోనే. అదే డ్రైవర్, అదే సాఫ్ట్‌వేర్, అదే పని. మారింది గది ఒక్కటే.

మా ఇంట్లో అమ్మ రాట్నం వడుకుతుంది. పొందూరు ఖద్దరు సంగతి తెలిసినవాళ్లకు చెప్పనవసరం లేదు. వాలుగ చేప దవడతో కొండపత్తిని దువ్వి, గింజ తీసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి వడుకుతారు. ఆ పని జరిగే గదిలో కంటికి కనిపించని నూగు ఎప్పుడూ గాల్లో ఉంటుంది. నా టేబుల్ కూడా ఆ గదిలోనే. లాప్‌టాప్ అడుగు మూత విప్పి చూస్తే ఫ్యాన్‌కూ, వేడిని బయటికి పంపే సన్నటి రేకులకూ మధ్య తెల్లటి దూది పొర దట్టంగా పేరుకుపోయి ఉంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం బయటికి పోవడం లేదు. అప్పటిదాకా చప్పుడు వినిపిస్తోంది కదా, ఫ్యాన్ బాగానే ఉందనుకున్నాను.

దూది తీసేసి, చిప్ వేడిని రేకులకు అందించే థర్మల్ పేస్ట్ కొత్తది పెట్టించాను. అంతకుముందు పని మధ్యలో గ్రాఫిక్స్ చిప్ 88 డిగ్రీలకు పోయి క్రాష్ అయ్యేది. తరువాత అదే షీట్ మీద 72 దాటలేదు.

దుమ్ముకూ డ్రైవర్ మెసేజ్‌కూ ఏమిటి సంబంధం అంటావేమో. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. విండోస్ గ్రాఫిక్స్ చిప్‌కు ఒక పని ఇచ్చి జవాబు కోసం చూస్తుంది. మామూలుగా 2 సెకన్లలో చిప్ పలకకపోతే, అది ఇరుక్కుపోయిందని తేల్చుకుని చిప్‌నూ డ్రైవర్‌నూ మళ్లీ మొదలుపెడుతుంది. స్క్రీన్ నల్లబడి తిరిగొచ్చేది అప్పుడే. దీన్ని టీడీఆర్ అంటారు, విండోస్ విస్టా నుంచి ఉంది. ఒక్క నిమిషంలో ఐదుసార్లకు మించి ఇలా జరిగితే ఇక లాభం లేదని బ్లూ స్క్రీన్ వేస్తుంది. అంటే ఆ మెసేజ్ చెప్పేది 'పిలిస్తే పలకలేదు' అని మాత్రమే. ఎందుకు పలకలేదో చెప్పదు. వేడి కావచ్చు, కరెంటు చాలకపోవడం కావచ్చు, డ్రైవర్ చెడిపోవడం కావచ్చు, ర్యామ్ కావచ్చు, నిజంగా చిప్పే కావచ్చు. అన్నిటికీ మెసేజ్ ఒక్కటే.

అందుకే ముందు ఒక కాగితం తీసుకో. క్రాష్ అయిన ప్రతిసారీ టైమ్, చార్జర్ పెట్టి ఉందా లేదా, ఎంతసేపు వాడాక, ఏ సాఫ్ట్‌వేర్‌లో అన్నది రాయి. లాప్‌టాప్‌లో జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరిస్తే 4101 నంబరుతో ఎంట్రీలు కనిపిస్తాయి, టైమ్ అక్కడా ఉంటుంది. డ్రైవర్ పేరు ఎన్‌వీ అక్షరాలతో మొదలైతే ఎన్‌విడియాది, ఏఎమ్‌డీ అని ఉంటే ఏఎమ్‌డీది, ఐజీ అని మొదలైతే ఇంటెల్‌ది. నీ లాప్‌టాప్‌లో ఇంటెల్‌ది ఒకటి, విడిగా ఎన్‌విడియాది ఒకటి, రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉన్నాయన్నావు కాబట్టి ఏది పడిపోతోందో తెలియడం ముఖ్యం. ఎన్‌విడియా డ్రైవర్‌ను పదిసార్లు మార్చినా, పడిపోయేది ఇంటెల్‌ది అయితే ఏం ప్రయోజనం?

నీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట ఇంకొకటి ఉంది. అసలు చార్జర్ పోయిందని, రూమ్మేట్ 65 వాట్ల చార్జర్ వాడుతున్నానని మధ్యలో రాశావు. విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉన్న గేమింగ్ లాప్‌టాప్‌లకు చాలావాటికి 120, 150 వాట్లు, కొన్నిటికి అంతకంటే ఎక్కువ కావాలి. బ్రౌజర్‌కూ సినిమాకూ 65 సరిపోతుంది. గేమ్ మొదలుపెట్టగానే చిప్ ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది, చార్జర్ అందించలేదు, లోటు బ్యాటరీ పూడ్చాలి. బ్యాటరీ కూడా పాతదైతే చిప్ తడబడుతుంది. నీ క్రాష్‌లన్నీ గేమ్‌లోనూ త్రీడీలోనూ వస్తున్నాయంటే నా అనుమానం మొదట దీని మీదే. లాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కర్ మీద వోల్టులు, ఆంపియర్లు ఉంటాయి. రెండూ గుణిస్తే వాట్లు. ఆ లెక్కకు సరిపోయే చార్జర్ ఎవరిదైనా ఒక్క సాయంత్రం అడిగి వాడి చూడు. వోల్టులు మాత్రం తేడా ఉండకూడదు.

వేడి చూడటానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది. పక్కన తెరిచి పెట్టుకుని గేమ్ ఆడు. హాస్టల్‌లో పరుపు మీద పెట్టి వాడుతుంటే ఆ అలవాటు ఈ రోజే మానెయ్యి, అడుగున గాలి తీసుకునే రంధ్రాలు పూర్తిగా మూసుకుపోతాయి. మూత విప్పించే ముందు వారంటీ చూసుకో. శుభ్రం చేసేటప్పుడు గాలి కొడితే ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, వదిలేస్తే అడ్డదిడ్డంగా తిరిగి పాడవుతుంది.

చార్జర్, వేడి, ఈ రెండూ తేలాకే డ్రైవర్ దగ్గరికి రా. నాకు దూది తీశాక కూడా నెలలో రెండుసార్లు క్రాష్ వచ్చింది. అది నేను ఒకదాని మీద ఒకటి వేసిన డ్రైవర్ల మిగులు. డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) అనే ప్రోగ్రామ్‌తో పాతవన్నీ పూర్తిగా తుడిచి, కొత్తగా వేశాక మళ్లీ రాలేదు. ముందు లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో నీ మోడల్ నంబరు కొట్టి ఇంటెల్, ఎన్‌విడియా డ్రైవర్లు రెండూ దించుకో. తరువాత నెట్ ఆపెయ్యి, లేకపోతే నువ్వు తుడిచిన మరుక్షణం విండోస్ అప్‌డేట్ తనకు తోచిన వెర్షన్ వేసేస్తుంది. విండోస్ అత్యవసరమైనవాటితో మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డీడీయూ నడుపు, రీస్టార్ట్ చెయ్యి, ముందు ఇంటెల్‌ది, తరువాత ఎన్‌విడియాది వెయ్యి. సేఫ్ మోడ్‌లోకి వెళ్లేటప్పుడు కొన్ని లాప్‌టాప్‌లు డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతాయి. అది నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో ముందే ఫోన్‌లో చూసి రాసి పెట్టుకో. ఇది తెలియక మధ్యలో చిక్కుకుపోతే పరీక్షల ముందు ఫైళ్లన్నీ తాళంలో ఉండిపోతాయి.

విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఆ 2 సెకన్ల టీడీఆర్ గడువును 8కో 10కో పెంచమని వీడియోల్లో చెబుతారు. భారీ రెండరింగ్ చేసేవాళ్లకు అది పనికొస్తుంది. నీ సమస్యకు వద్దు. వేడెక్కిన చిప్‌కు గడువు పెంచితే స్క్రీన్ ఇంకాసేపు బిగుసుకుపోతుంది, అంతే.

ఇవన్నీ అయ్యాక కూడా వస్తుంటే డివైస్ మేనేజర్‌లో ఎన్‌విడియా చిప్‌ను డిజేబుల్ చేసి రెండు రోజులు ఇంటెల్ మీదే వాడు. గేమ్ నడవదు గానీ రికార్డులు, అసైన్‌మెంట్లు అయిపోతాయి. ఆ రెండు రోజుల్లో ఒక్క క్రాష్ కూడా లేకపోతే తప్పు ఆ చిప్ వైపే ఉందని గట్టిగా అనుకోవచ్చు. అలా కాకుండా అప్పుడూ వస్తుంటే రాత్రి పడుకునే ముందు విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ పెట్టి ర్యామ్ చూడు. మదర్‌బోర్డు మాట ఆ తరువాతే. చిప్‌ను హీట్ గన్‌తో వేడిచేసి తక్కువలో బాగుచేస్తామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకు. అలా లేచిన చిప్ కొన్నాళ్లకే మళ్లీ పడిపోతుంది, నీ డబ్బూ పోతుంది.

ఈ రాత్రికి డ్రైవర్ జోలికి పోకు. ఆ 65 వాట్ల చార్జర్ మీదా, లాప్‌టాప్ అడుగునా రాసి ఉన్న అంకెలు రెండూ చూసి ఇక్కడ పెట్టు, 4101 ఎంట్రీలో ఉన్న డ్రైవర్ పేరు కూడా. రేపు మధ్యాహ్నంలోపు చూసి చెబుతాను.