స్కాట్లాండ్ జనం సొంత ఊళ్లు వదిలి ఎందుకు వెళ్లిపోయారు? గొర్రెల కోసం తరిమేశారంటారు, నిజమేనా?

తరిమేసిన మాట నిజమే. కాకపోతే అది ఉత్తరాన ఉన్న హైలాండ్స్ కథ. వెళ్లినవాళ్లలో చాలామందిని ఎవరూ తరమలేదు.

చదువు కోసం గ్లాస్గోలో రెండేళ్లున్నాను. ఒకసారి సెలవుల్లో హైలాండ్స్‌లోని సదర్లాండ్ వైపు వెళ్లి, సముద్రం అంచున కొండ మీదున్న బ్యాడ్‌బే అనే పాడుబడ్డ ఊరు చూశాను. లోపలి లోయల్లో ఖాళీ చేయించిన కుటుంబాలు అక్కడికొచ్చి రాతి ఇళ్లు కట్టుకున్నాయి. గాలికి పిల్లలు ఎక్కడ కింద పడిపోతారోనని తాళ్లతో కట్టేసి ఉంచేవాళ్లట. మామూలుగా అయితే నమ్మేవాణ్ణి కాదు గానీ, ఆ రోజు గాలికి నా గొడుగు ఊచలు విరిగిపోయాయి.

భూమి దొరలది. వీళ్లు తరతరాలుగా దున్నుకుంటున్నా ఉత్త కౌలుదార్లే. గొర్రెల మంద పెట్టేవాడు అంతకంటే ఎక్కువ కౌలు ఇస్తానన్నాడు, అంతే. సదర్లాండ్‌లోని స్ట్రాత్‌నేవర్ లోయను 1814లో కొంత, 1819లో మిగతాది ఖాళీ చేయించారు. దగ్గరుండి ఆ పని చేయించిన ప్యాట్రిక్ సెల్లార్ మీద 1816లో కేసు నడిచింది, నిర్దోషి అని వదిలేశారు. ఆ భూమిని గొర్రెలకు కౌలుకు తీసుకున్నది కూడా ఆయనే!

నాకు ఇంకా విడ్డూరంగా అనిపించింది పడమటి దీవుల సంగతి. అక్కడ సముద్రపు నాచును కాల్చి, ఆ బూడిదను సబ్బుకీ గాజుకీ అమ్మేవాళ్లు. నెపోలియన్ యుద్ధాలప్పుడు దానికి మంచి రేటు. అప్పుడు కూలీలు పోతే ఎలా అని దొరలే వలసలకు అడ్డుపడ్డారు. 1803లో వచ్చిన చట్టంతో ఓడ ఛార్జీలు కూడా పెరిగాయి. యుద్ధం అయిపోయింది, బూడిద రేటు పడిపోయింది. 1846లో బంగాళాదుంపకు తెగులొచ్చి తిండే కరువైంది. ఇక ఆ జనమే భారమయ్యారు. కొందరు దొరలు సొంత డబ్బుతో టికెట్లు కొని మరీ కెనడా ఓడ ఎక్కించారు.

దక్షిణాన మాత్రం ఇంత గొడవ లేదు. చిన్న కమతాలు కలిసి పెద్దవయ్యాయి. పాలేరుకు ఇల్లు ఉద్యోగంతోపాటే వచ్చేది. ఆరు నెలలకో ఏడాదికో ఒప్పందం అయిపోతే పనీ పోయేది, ఇల్లూ పోయేది. ఇంకెక్కడికి పోతారు, మిల్లుల దగ్గరికే. గ్లాస్గో జనాభా 1801లో సుమారు 77 వేలు, 1901కి ఏడున్నర లక్షలు దాటింది.

హైలాండ్స్ వాళ్లు మొదట్లో కోతల కాలంలో దక్షిణానికి వచ్చి తిరిగి వెళ్లేవాళ్లు. మాది కర్నూలు జిల్లా పత్తికొండ వైపు. మా దగ్గర గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయినట్టే అనుకోండి. కొన్నాళ్లకు కొందరు పట్నంలోనే ఉండిపోయారు. గ్లాస్గో సెంట్రల్ స్టేషన్ వంతెన కింద వాన పడదు, వాళ్లంతా అక్కడ కలుసుకునేవాళ్లు. దాన్ని ఇప్పటికీ హైలాండ్ వాడి గొడుగు అంటారు. నేను బస్సు కోసం నిలబడేది అక్కడే.

పట్నం చేరాక వలస ఆగిందా అంటే అదీ లేదు. తాపీమేస్త్రీలు, మెకానిక్కులు అమెరికా, కెనడా వెళ్లారు. వీళ్లు తిండి లేక వెళ్లలేదు, కూలి ఎక్కువని వెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఓడల తయారీ దెబ్బతింది. 1921, 1931 జనాభా లెక్కల మధ్య స్కాట్లాండ్ జనాభా పెరగాల్సింది పోయి తగ్గింది.

డబ్బున్న ఇళ్ల పిల్లలూ వెళ్లారు. థామస్ మన్రో పుట్టింది గ్లాస్గోలోనే. తండ్రి వర్జీనియాతో వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో అది కుప్పకూలింది. కొడుకు కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు ఓడ ఎక్కాడు. రాయలసీమకు కలెక్టరయ్యాడు, మద్రాసు గవర్నరయ్యాడు, 1827లో కలరాతో మా పత్తికొండలోనే చనిపోయాడు. మన్రో దొర పేరు చిన్నప్పటి నుంచీ వింటున్నా, ఆయన ఇంత దూరం రావడానికి వాళ్ల నాన్న నష్టపోవడం ఒక కారణమని గ్లాస్గో వెళ్లేదాకా నాకు తెలియదు.